చిక్కటి పాలు చివర్లో

తగాలోగ్ భాషలో గతా అంటే కొబ్బరి పాలు. ఆ పాలల్లో ఉడికిందేదైనా గినతానే. రొయ్యలు వేస్తే రొయ్యల గినతాన్, పనసకాయ వేస్తే పనసకాయ గినతాన్. చిలగడదుంపలు, అరటిపండ్లు, సగ్గుబియ్యం వేసి పంచదార కలిపితే అదీ గినతానే, సాయంత్రం పూట గిన్నెల్లో పోసుకుని తినే పాయసం. నేను చెప్పబోయేది పంది మాంసం, గుమ్మడికాయ, బొబ్బర్లకాయలు వేసి చేసే గినతాన్ గురించి. ఫిలిప్పీన్స్‌లో దీన్నెవరూ గొప్ప వంటగా లెక్కేయరు. ఊరి పండక్కి నిప్పుల మీద నిలువునా కాల్చే లెచోన్ పందికి ఉన్న వైభవం దీనికి లేదు. మామూలు మంగళవారం మధ్యాహ్నం, ఇంట్లో ఉన్న కూరగాయలతో సరిపెట్టుకునే కూర ఇది.

నేను దీన్ని నేర్చుకున్నది లోస్ బాన్యోస్‌లో. మనీలాకి దక్షిణంగా అరవై కిలోమీటర్లు, మకిలింగ్ కొండ కింద ఊరు. పేరు తెలియకపోయినా మనవాళ్ళకి ఆ ఊరి వడ్లు తెలుసు. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఉన్నది అక్కడే. 1966లో అక్కడ విడుదలైన ఐఆర్-8ని ఆ మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు పండించి చూపించారు. నేను 2018లో వరి మీద పిహెచ్‌డీకి వెళ్ళాను. వెళ్ళిన వారానికే ఆ భాష మీద ఇష్టం కలిగింది. వడ్లకి పాలాయ్, బియ్యానికి బిగాస్, అన్నానికి కానిన్. మూడింటికీ మూడు మాటలున్న జాతి మనకి చుట్టాలే అనుకున్నాను. అన్నంలో కలుపుకునేది ఏదైనా ఉలమ్. కూర లేదా అని మనం అడిగినట్టే వాళ్ళు ఉలమ్ ఏంటని అడుగుతారు.

మా ఇంటి ఓనరు నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. పేరు పెట్టి పిలవద్దు, ఆతె అనమంది. ఆతె అంటే అక్క. నా చెవికి మాత్రం చాలా రోజులు అత్త అనే వినపడేది. కింది వాటాలో ఆమె, పై గదిలో నేను, వంటిల్లు ఇద్దరిదీ. వాళ్ళలో ఎవరైనా తింటున్నప్పుడు అటుగా వెళితే “కాయిన్ తాయో” అంటారు, తిందాం రా అని. మన పల్లెల్లో అన్నట్టే అది సగం మర్యాద, సగం నిజం. ఆతె అన్నప్పుడు మాత్రం మొత్తం నిజమే. అప్పటికే ప్లేటు తీసేది.

ఒకరోజు ప్లేటులో వచ్చింది ఈ కూర. లేత పసుపు రంగులో, మీగడలా. గుమ్మడి సగం కరిగిపోయి ఉంది. మధ్యలో మాంసం ముక్క, దాని పైన తోలు, తోలు కింద కొవ్వు, అన్నీ వేటికవి కనిపిస్తూ. మొదటి ముద్దకే గుర్తుపట్టాను. కొబ్బరిని కాదు, పందిని. మా నాయనమ్మ చనిపోయాక ఆ రుచి నోటికి తగల్లేదు.

మేం ఎరుకలోళ్ళం. నాయనమ్మ పందులు పెంచేది, బుట్టలల్లేది. ఆమె వంట ఆరుబయట, మూడు రాళ్ళ పొయ్యి మీద. ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి, అంతే. కొవ్వు దాని నూనెలో అదే వేగేది. తాటాకుల మంటలో కాల్చి గీకిన తోలుకి ఒక వాసన ఉంటుంది. ఆ వాసన కూరలోకి దిగేది. మా పేట మొత్తానికి తెలిసేది ఇవాళ ఎవరింట్లో ఏం వండుతున్నారో. తెలిస్తే ఏమవుతుందన్న ఆలోచన ఆ పేటలో ఎవరికీ లేదు.

అమ్మ వంట వేరు. నాన్నకి గుమాస్తా ఉద్యోగం వచ్చి టౌన్లో అద్దెకి దిగాక, అమ్మ పంది కూర ఎప్పుడో ఓసారి, ఆదివారం, కిటికీలు వేసి వండేది. ముందు కుక్కర్లో మూడు కూతలు. తర్వాత ధనియాల పొడి, గరం మసాలా, లవంగాలు, దాల్చినచెక్క, గసగసాలు, దేన్నీ వదిలేది కాదు. వాసన మటన్‌దా మరోటా అని పక్కవాళ్ళు తేల్చుకోలేనంత మసాలా. నాకు చాలా ఏళ్ళు పంది కూరంటే అదే అనుకున్నాను, ముదురు గోధుమ రంగులో, ఏ ముక్క ఏమిటో తెలియని కూర. రుచి బాగుండేది, అందులో అనుమానం లేదు. కానీ ఆ మసాలా నాలుక కోసం వేసింది కాదు, పక్కింటి ముక్కు కోసం వేసింది. ఆ సంగతి లోస్ బాన్యోస్‌లో ఆ పసుపురంగు గిన్నె ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది.

తర్వాతి శనివారం ఆతె వెంట సంతకి వెళ్ళాను. వాళ్ళు పలెంగ్కె అంటారు. తడి నేల, తలపైన బల్బులు, కొక్కేలకి వేలాడే తొడలు. జబ్బ మాంసాన్ని కసీమ్ అంటారు, పొట్ట మాంసాన్ని లియెంపో. ఈ కూరకి సగం సగం తీసుకుంటుంది ఆతె. ఒట్టి లియెంపో అయితే జిడ్డు, ఒట్టి కసీమ్ అయితే పీచు. కొట్టు నడిపేది ఒక నడివయసు ఆవిడ, చేతికి బంగారు గాజు, పెదాలకి ఎర్ర రంగు. తన కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడని ఆతెతో గొప్పగా చెప్పింది. నేను ఆమె చేతి వైపే చూస్తూ నిలబడ్డాను. పందిని కోసే చెయ్యి అంత నిశ్చింతగా గాజులేసుకుని ఉండటం నాకు కొత్త.

కొబ్బరి మాత్రం ఇంట్లో తురమరు. కొట్టువాడు కాయ పగలగొట్టి మిషను ముందు పెడితే క్షణంలో కోరు సంచిలో పడుతుంది. ఇంటికొచ్చాక అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళు పోసి పిసికితే వచ్చేది తొలి పాలు, కకంగ్ గతా. కక అంటే పెద్ద తోబుట్టువు. చిక్కగా, మీగడలా ఉండే ఆ పాలు పెద్దవన్నమాట. వాటిని పక్కన పెట్టేసి, అదే పిప్పిలో రెండు గ్లాసుల నీళ్ళు పోసి మళ్ళీ పిండితే వచ్చేవి పలచటి పాలు. మనం కొబ్బరి పాల అన్నానికి రెండూ కలిపి పోసేస్తాం. ఈ కూరలో రెండిటి పనీ వేరు. మాంసం ఉడకాల్సింది పలచటి పాలల్లో. చిక్కటి పాలు చివర్లో.

అర కిలో ముక్కలకి రెండు కాయల పాలు. ముందు గిన్నెలో ముక్కలు, కాసిని నీళ్ళు. నీళ్ళు ఇగిరాక కొవ్వు కరుగుతుంది. ఆ కొవ్వులోనే ముక్కలు అంచుల్లో ఎర్రబడాలి. వెల్లుల్లి, అల్లం, ఉల్లిపాయ. తర్వాత బగోంగ్, రెండు చెంచాలు. బగోంగ్ అంటే సన్నటి రొయ్యలు ఉప్పులో ఊరబెట్టిన ముద్ద. మొదటిసారి మూత తీస్తే రెండడుగులు వెనక్కి వేస్తాం. వేగుతుంటే మాత్రం మన రొయ్యపొట్టు వేయించిన వాసన వస్తుంది, అన్నం గుర్తొస్తుంది. అందులో ఉప్పు దండిగా ఉంటుంది కాబట్టి ఇంకేం వేయక్కర్లేదు. ఇప్పుడు పలచటి పాలు పోసి, సన్న మంట మీద ముప్పావు గంట. ముక్క మెత్తబడ్డాక గుమ్మడి. కొన్ని ముక్కలు చిన్నవిగా, కొన్ని పెద్దవిగా తరగాలి. చిన్నవి కరిగి గ్రేవీ అవుతాయి, పెద్దవి పంటికి తగులుతాయి. తర్వాత జానెడేసి విరిచిన బొబ్బర్లకాయలు, రెండు మూడు పొడుగు పచ్చిమిరపకాయలు, నిలువునా, కోయకుండా.

ఆ రోజు సరిగ్గా ఇక్కడ నా చెయ్యి మసాలా డబ్బా మీదకి వెళ్ళింది. ఇంటి నుంచి మోసుకెళ్ళిన స్టీలు డబ్బా అది. ఆతె చూసి నవ్వి, ఎందుకూ అంది. వాసనకి అన్నాను. ఏం వాసన అంది. పంది వాసన అన్నాను. ఆమెకి నిజంగా అర్థం కాలేదు. పంది కూర పంది వాసన రాకుండా ఇంకేం వాసన వస్తుంది అన్నట్టు చూసింది. డబ్బా మూత పెట్టేశాను.

చివరికి చిక్కటి పాలు. మంట బాగా తగ్గించాలి, మూత పెట్టకూడదు, గరిటె ఆపకూడదు. కొబ్బరి పాలంటే నీళ్ళల్లో తేలే సన్నటి నూనె బొట్లు. అవి ఒకదాన్నొకటి కలిసిపోకుండా పట్టి ఉంచేది కొబ్బరిలోని మాంసకృత్తులు. గట్టిగా మరిగిస్తే ఆ పట్టు వదిలి నూనె పైకొస్తుంది. మనకి నూనె తేలితే కూర అయినట్టు, ఈ కూరకి నూనె తేలితే చెడినట్టు. అన్ని చోట్లా అంతే అని కాదు. కారానికి పేరుపడ్డ బికోల్ ప్రాంతంలో నూనె తేలేదాకా ఇగిర్చే గినతాన్లు ఉన్నాయి. ఆతె ఇంట్లో మాత్రం ఒక్క పొంగు రాబోతుండగా దింపేయాలి. దించాక గుప్పెడు మలుంగై ఆకు. అంటే మునగాకే. మురుంగై, మునగ, మలుంగై, చెట్టు ఎటు నుంచి ఎటు వెళ్ళిందో గానీ పేరు కూడా దాంతోపాటే వెళ్ళినట్టుంది.

ఆతెకి ఆ ఏడాది పుట్టింట్లో, తమ్ముడి పెరట్లో రెండు పందులుండేవి. డబ్బులు ఆమెవి, మేపేది తమ్ముడు. ఆ దేశంలో పందుల పెంపకంలో చాలా భాగం ఇలా పెరట్లోనే. పిల్లని కొని, ఆరేడు నెలలు మేపి, కాలేజీ ఫీజులప్పుడు అమ్ముతారు. మా నాయనమ్మా అదే చేసింది. నాన్న ఇంటర్ ఫీజు ఒక పంది, డిగ్రీ ఫీజు రెండు పందులు. లెక్క చెప్పేటప్పుడు నాయనమ్మ రూపాయల్లో చెప్పేది కాదు.

2019 సెప్టెంబరులో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం దేశంలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చిందని ప్రకటించింది. మనుషులకి అంటదు, పందులకి మాత్రం వస్తే చావే. అప్పటికి టీకా లేదు. రోగం బయటపడ్డ చోటి నుంచి కిలోమీటరు లోపల ఉన్న పందులన్నిటినీ, బాగున్నవాటితో సహా, చంపి పూడ్చాలి. పందికి 5,000 పెసోల పరిహారం. ఆ తర్వాతి ఏడాది ఆతె తమ్ముడి ఊరికి వచ్చింది రోగం. రెండు పందులూ పోయాయి. ఆ సాయంత్రం వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆతె దగ్గర కూర్చున్నారు. ఒకావిడ అన్నం వండుకొచ్చింది. చర్చిలో ఆ ఊళ్ళ పేర్లు చదివి ప్రార్థన చేశారు. 2021 ఫిబ్రవరికి మాంసం ధర ఎంత పెరిగిందంటే, మనీలాలో కసీమ్ కిలో 270, లియెంపో కిలో 300 పెసోలు దాటకూడదని దేశాధ్యక్షుడే ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. టీవీలో రాత్రి వార్తలన్నీ పందుల గురించే.

నాకు మా టౌను గుర్తొచ్చింది. నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు మెదడువాపు జ్వరాలొచ్చాయి. మునిసిపాలిటీ వాళ్ళు పందుల్ని పట్టేవాళ్ళని వేరే ఊరి నుంచి రప్పించారు. వలలు, కర్రలు, ఒక లారీ. జబ్బు అబద్ధం కాదు. ఆ వైరస్ పందుల్లో పెరిగి దోమల వల్ల మనుషులకి అంటుతుంది, పిల్లల ప్రాణాలు తీస్తుంది. పందుల్ని ఊరికి దూరంగా ఉంచాలన్న మాటలో తప్పేం లేదు. కానీ మా నాయనమ్మ లారీ వెనకాల మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తితే జనం షాపుల్లోంచి బయటికొచ్చి చూసి నవ్వారు. పదకొండు పందులు. పరిహారం అనే మాట ఎవరి నోటా రాలేదు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త, పట్టణంలో పందుల బెడద తొలగిందని. రెండు చోట్లా రోగమే, రెండు చోట్లా ప్రభుత్వమే. ఆతె దగ్గరికి అన్నం వచ్చింది.

లోస్ బాన్యోస్‌లో మేం తెలుగువాళ్ళం ఏడెనిమిది మందిమి ఉండేవాళ్ళం. కొందరు యూనివర్సిటీలో, కొందరు వరి సంస్థలో. నెలకో ఆదివారం ఎవరో ఒకరి గదిలో చేరి తలా ఒకటి వండుకెళ్ళేవాళ్ళం. పులిహోర, పప్పుచారు, చికెన్, గుడ్ల పులుసు. నేనెప్పుడూ వంకాయ కూర తీసుకెళ్ళేదాన్ని. 2022లో ఒక ఆదివారం గినతాన్ తీసుకెళ్ళాను. తెలియక ఎవరూ తినకూడదని గిన్నె పక్కన చీటీ కూడా పెట్టాను, పంది మాంసం అని, తెలుగులో పెద్దక్షరాలతో.

ఇద్దరు అటు రాలేదు. అది వాళ్ళ ఇష్టం. మిగతావాళ్ళు వడ్డించుకున్నారు. బాగుందన్నారు. గుమ్మడికాయ పంది మాంసంతో ఇలా కుదురుతుందని అనుకోలేదన్నారు. ఒకబ్బాయి రెండోసారి వేసుకుంటూ అన్నాడు:

“ఇక్కడి పందులంటే నీటుగా ఫారాల్లో పెంచుతారు కాబట్టి తినొచ్చండీ. మన ఊళ్ళల్లో పందుల్ని చూస్తే తినబుద్ధవుతుందా, ఛీ.”

మంచివాడే. నాకు జ్వరమొస్తే మందులు తెచ్చిచ్చిన మనిషి. ఎవర్నీ ఉద్దేశించి అన్న మాట కాదు. ఎవర్నీ ఉద్దేశించకుండా అనే మాటల్లోనే పెరిగాను నేను.

“మా ఊళ్ళో పందులు మా నాయనమ్మవండీ,” అన్నాను.

కాసేపు చెంచాల చప్పుడు ఆగింది. అతని ముఖం ఎర్రబడింది. సారీ చెప్పబోతుంటే, గోడకానుకుని కూర్చున్న అమ్మాయి, తను కరీంనగర్ వైపు నుంచి వచ్చింది, మామూలుగా అడిగింది:

“ఏం పెట్టేది అక్కా వాటికి?”

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు అప్పటిదాకా. చెప్పాను. పొద్దున్నే హోటళ్ళ దగ్గర డబ్బాలతో తెచ్చే ఎంగిలి అన్నం, కూరగాయల మార్కెట్లో పారేసే ఆకులు, తవుడు, గంజి. ఈనిన పందికి విడిగా నూకలు వండిపెట్టేది నాయనమ్మ. ఒక్కో పందికీ ఒక పేరుండేది, దూరం నుంచి కేకేస్తే ఆ పేరుగలదే వచ్చేది. ఇక్కడా అంతేనని కూడా చెప్పాను. ఆతె తమ్ముడు ఊళ్ళో ఇళ్ళ ముందు పెట్టిన బకెట్లలో మిగిలిన అన్నం పోగుచేసి పందులకి పెట్టేవాడు. దాన్ని వాళ్ళ భాషలో కానింగ్ బబోయ్ అంటారు, పంది అన్నం అని. రోగం పాకడానికి ఆ ఎంగిలి మేపు కూడా ఒక దారి అయిందన్నారు డాక్టర్లు. ఫారాలూ ఉన్నాయి, పెరళ్ళూ ఉన్నాయి. పంది ఇక్కడైనా అక్కడైనా పెట్టింది తింటుంది. నేను మాట్లాడుతుంటే ఆ అబ్బాయి వింటూనే తిన్నాడు. ప్లేటు పక్కన పెట్టేయలేదు. గిన్నె ఖాళీ చేసే పంపించారు.

కిందటేడు సెలవులకి వచ్చినప్పుడు అమ్మ వంటింట్లో వండాను. మనదగ్గర చేసుకోవడం కష్టం కాదు. బగోంగ్ దొరక్కపోతే రొయ్యపొట్టు వేయించి, నూరి, ఉప్పు చూసుకుని వేయండి. గుమ్మడి బాగా పండింది ఎంచుకోండి, నీరుకాయ అయితే గ్రేవీ చిక్కబడదు. ప్యాకెట్ కొబ్బరి పాలైతే సగానికి నీళ్ళు కలిపి పలచటి పాలుగా వాడుకోవచ్చు. పులుపు ఏదీ వేయకండి, పాలు విరుగుతాయి.

అమ్మ పీట మీద కూర్చుని మొత్తం చూసింది. కుక్కర్ తీయనందుకు ఒకసారి, మసాలా వేయనందుకు రెండుసార్లు అడిగింది. తిని, “కమ్మగా ఉందే, మీ నాయనమ్మ వండినట్టు ముక్క తెలుస్తోంది. కారమే చాల్లేదు,” అంది. తన ప్లేటులో అర చెంచా కారం చల్లుకుంది. తర్వాత గొంతు తగ్గించి, “పక్కింటావిడ అడిగితే మాత్రం కొబ్బరి పాల కూర అని చెప్పు. అబద్ధమేం కాదుగా,” అంది.

అబద్ధం కాదు. నేనేం అనలేదు. ఆ ఇంట్లో, ఆ వీధిలో రేపటి నుంచి ఉండాల్సింది అమ్మ, నేను కాదు. కాకపోతే ముక్కలు వేగుతున్నప్పుడు పొగ ఎక్కువైందని లేచి వంటింటి కిటికీ తీసింది అమ్మే. తిన్నాక కూడా మళ్ళీ వేయలేదు.